వెలుగు దెబ్బకు పుట్టిన పరమాణువులు

ప్లాటినం ఉంగరంలో దాదాపు పదివేల పరమాణువులకు ఒకటి మిగతా అన్నిటికన్నా తేలికగా ఉంటుంది. దాని పేరు ప్లాటినం-190. దాని పుట్టుక కథ విన్నాక ఆ లోహాన్ని మామూలు కళ్లతో చూడలేం.

ఇనుము కన్నా బరువైన మూలకాలు చాలావరకు న్యూట్రాన్లను మింగుతూ పెరిగినవే. ముసలి ఎర్ర నక్షత్రాల కడుపులో ఆ పని వేల ఏళ్లపాటు నింపాదిగా సాగుతుంది. న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు క్షణాల్లో అయిపోతుంది. 1957లో శాస్త్రవేత్తలు బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హాయిల్ కలిసి ఈ దారులను విడమరిచారు. అయితే సెలీనియం-74 మొదలు పాదరసం-196 దాకా, మన ప్లాటినం-190తో సహా, సుమారు 35 కేంద్రకాలు ఈ రెండు దారుల్లోనూ ఇమడవు. వాటిలో న్యూట్రాన్లు మరీ తక్కువ.

మరి అవెలా వచ్చాయి? వెలుగు కొడితే వచ్చాయి! మహానక్షత్రం పేలినప్పుడు విస్ఫోట తరంగం ఆక్సిజన్, నియాన్ పొరలను 200 నుంచి 300 కోట్ల డిగ్రీలకు వేడెక్కిస్తుంది. అంత వేడిలో వెలుగంటే గామా కిరణాలే. అంతకుముందే తయారైన బరువైన కేంద్రకాల నుంచి, గడకర్రతో చింతకాయలు రాల్చినట్టు, ఆ ఫోటాన్లు న్యూట్రాన్లను రాలగొడతాయి.

ఆ వెలుగును భూమ్మీదికి తెచ్చిన తీరు ఇంకా అబ్బురం. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఎస్-డాలినాక్ అనే యాక్సిలరేటర్ ఉంది. వేగంగా వచ్చే ఎలక్ట్రాన్లను లోహంతో అడ్డుకుంటే అవి గామా కిరణాలు చిమ్ముతాయి. ఒకే శక్తి గల ఎలక్ట్రాన్లతో వచ్చే వెలుగు నక్షత్రపు వెలుగులా ఉండదు. అందుకని శాస్త్రవేత్తలు శక్తిని మార్చి మార్చి ప్రయోగం చేశారు. ఆ ఫలితాలను తగిన పాళ్లలో కలిపి, వందల కోట్ల డిగ్రీల వేడిలోని వెలుగుకు సాటి తెచ్చారు. ఆ కిరణాల కింద పెట్టింది ప్లాటినాన్నే. న్యూట్రాన్ పోగొట్టుకున్న కేంద్రకాలు రేడియోధార్మికమై తామెన్నో తామే చెప్పాయి. 2000లో వెలువడిన ఈ పని, నా దృష్టిలో, భౌతికశాస్త్రం రాసిన గొప్ప కవిత్వం.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మరో పద్ధతి. దూసుకొచ్చే ఎలక్ట్రాన్లకు లేజర్ కాంతి ఎదురుపడి, లక్షల రెట్ల శక్తితో వెనక్కి మళ్లుతుంది. ఏ శక్తి గల ఫోటాన్ కావాలంటే దాదాపు అదే దొరుకుతుంది.

ఇన్ని కొలతల తర్వాతా ఒక చిక్కు తీరలేదు. మన సౌరకుటుంబపు మాలిబ్డినమ్‌లో దాదాపు ఏడో వంతు, ఆ 35 కేంద్రకాల్లో ఒకటైన మాలిబ్డినమ్-92. నక్షత్ర విస్ఫోటాల లెక్కలు ఎంత కట్టినా అంత రాశి రావడం లేదు.