మీకు తెలుసా? పడవ ట్రైలర్ బేరింగులు నీళ్లు తాగుతాయి!

అమెరికాలో సరస్సుల దగ్గర పడవను దించాలంటే, ట్రైలర్‌ను చక్రాలు మునిగేదాకా నీళ్లలోకి వెనక్కి తోస్తారు. చిక్కంతా అక్కడే. హైవే మీద పరుగెత్తి వేడెక్కిన హబ్ (బేరింగులు ఉండే చక్రం నడిభాగం) ఒక్కసారిగా చన్నీళ్లలో పడేసరికి లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకు అరిగిన ఆయిల్ సీల్ సందులోంచి నీరు లోపలికి చేరుతుంది.

గ్రీజు పాలమీగడలా తెల్లబడిందా? నీరు చేరినట్టే, పని పడినట్టే!

ఈ హబ్‌లలో సాధారణంగా ఉండేవి ఏటవాలు రోలర్ బేరింగులు. హెన్రీ టిమ్‌కెన్ 1898లో పేటెంట్ పొందింది ఈ రకానికే. కొత్త బేరింగ్ వేసి, హబ్‌లో పాత కప్పును (రోలర్లు దొర్లే బయటి వలయాన్ని) అలాగే వదిలేస్తే డబ్బు దండగ. రెండూ జతగా మార్చాల్సిందే. బిగించడంలోనూ కిటుకుంది. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ వదులు చేసి, వేళ్లతో ఆనేంతవరకే తిప్పి, కొత్త కాటర్ పిన్ను పెట్టాలి. మరీ బిగిస్తే బేరింగ్ వేడెక్కి మాడిపోతుంది.

పాత ట్రైలర్‌కైతే కప్పులు ముందే దిగ్గొట్టి ఉన్న కొత్త హబ్ కొనడమే మేలు. అయితే ముందు ఇరుసు మీద సీల్ కూర్చునే చోట గోటితో రాసి చూడండి. గాడి తగిలితే కొత్త సీల్ కూడా నీటిని ఆపలేదు.