రహీం సాబ్ నేర్పిన ఆట

బడి మైదానంలో పిల్లలు బంతి తన్నుతుంటే మీరు చూసే ఉంటారు. ఆ ఆటే ఫుట్‌బాల్. జట్టుకు పదకొండు మంది. వీళ్లకు ఆట నేర్పే మనిషి మాత్రం గీత అవతలే నిలబడతాడు. ఆయనను కోచ్ అంటారు.

మన దేశం చూసిన గొప్ప కోచ్ ఎవరో తెలుసా? మన హైదరాబాద్ మనిషే. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. బడిలో పంతులుగా పనిచేశారు. అందరూ ఆయనను రహీం సాబ్ అని పిలిచేవారు.

ఆయన హైదరాబాద్ పోలీసు జట్టుకు ఆట నేర్పారు. ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుంచి వరుసగా అయిదేండ్లు గెలిచింది. అమ్ముగూడకు చెందిన బలరాం పేదింటి పిల్లవాడు. ఆట నేర్చుకునే చోటుకు రావడానికి అతనికి పైసలు లేవు. సైకిల్ కిరాయి రహీం సాబే ఇచ్చారు. ఆ బలరాం తర్వాత దేశం తరఫున ఆడాడు.

రహీం సాబ్ దేశం జట్టుకూ కోచ్ అయ్యారు. 1951లో ఢిల్లీలో ఆసియా ఆటలు జరిగాయి. మన జట్టు బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడు ఒలింపిక్ ఆటల్లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. ఆ తర్వాత బూట్లు వేసుకోక తప్పలేదు. రహీం సాబ్ కుంగిపోలేదు. లోపాలు చూసుకున్నారు. బంతిని కాలి దగ్గర ఆపుకోకుండా వెంటనే తోటివానికి అందించడం నేర్పారు. 1956 ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. బంగారు పతకం సోవియట్ రష్యాకు దక్కింది.

1962లో జకార్తాలో మళ్లీ ఆసియా ఆటలు. అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. మొదటి ఆటలోనే మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో ఓడారు. వెనుక వరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని ముందు వరుసకు మార్చారు. ఆఖరి ఆట మళ్లీ కొరియాతోనే. చూడవచ్చిన జనం మనవాళ్లను గేలి చేశారు. అయినా మనవాళ్లు 2-1తో గెలిచారు. ఒక గోల్ పి.కె. బెనర్జీది. రెండోది కుట్లు పడ్డ తలతో ఆడిన జర్నైల్ సింగ్‌ది!

తర్వాతి ఏడు, 1963 జూన్‌లో, రహీం సాబ్ కన్నుమూశారు. 2023 దాకా జరిగిన ఆసియా ఆటల్లో మన ఫుట్‌బాల్ జట్టుకు మళ్లీ బంగారు పతకం రాలేదు.

మీ ఊళ్లో బంతి తన్నే పిల్లలున్నారా? వాళ్లకు నేర్పేవాళ్లు ఉన్నారా? పది మంది కూర్చుని మాట్లాడుకోండి.