రెండో ఇంజిన్

బ్రౌజర్‌లోనే సమాచారం దాచుకోవడానికి పనికొచ్చే వెబ్ ఎస్‌క్యూఎల్ అనే పద్ధతిని 2010 నవంబరులో వెబ్ ప్రమాణాలు రాసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం పక్కన పెట్టేసింది. అది పనిచేయక కాదు. అప్పట్లో క్రోమ్, సఫారీ, ఒపెరా మూడింటిలోనూ పనిచేస్తూనే ఉండేది. చిక్కల్లా, ఆ మూడూ లోపల ఎస్‌క్యూలైట్ అనే ఒకే డేటాబేసును వాడుకున్నాయి. నియమాలు చదివి ఎవరికి వారు వేరుగా కట్టిన నమూనాలు రెండైనా లేకపోతే, ఉన్న ఒక్కటీ ఎలా నడిస్తే అదే నియమమైపోతుంది, దాని పొరపాట్లతో సహా. బ్రౌజర్ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఈ నిర్ణయమే. పోటీ ఉంటే ప్రమాణాలు వాటంతటవే వస్తాయన్న మాట సగమే నిజం. ప్రమాణాలు రాసిపెడితే చాలన్నదీ అంతే. ఒకే రాతను చదివి వేర్వేరు చేతులు కట్టిన ఇంజిన్లు, అంటే పేజీని తెరమీద చూపే బ్రౌజర్ లోపలి యంత్రాంగాలు, కనీసం రెండు బతికున్నంత కాలమే ప్రమాణానికి ప్రాణం.

పోటీ ఒక్కటే సరిపోదనడానికి 1990ల చివరి సంవత్సరాలే సాక్ష్యం. టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్‌లో 1990లో మొదటి బ్రౌజర్ రాశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మొజాయిక్ వెనుకే 1994లో నెట్‌స్కేప్, 1995లో మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి. ఇద్దరూ హోరాహోరీ పోరాడారు గానీ, ఆ పోరు ఎవరి ట్యాగులు వారు కల్పించుకోవడంలోనే సాగింది. పేజీ రూపురేఖలు దిద్దే సీఎస్ఎస్ 1996 డిసెంబరులోనే ప్రమాణమైంది. అయినా పెట్టె వెడల్పు ఎంత అన్న చిన్న లెక్కలోనే తేడా: వెడల్పంటే లోపలి జాగా మాత్రమేనంది ప్రమాణం, అంచులు కూడా కలిపి లెక్కేసింది ఎక్స్‌ప్లోరర్ 5. కార్పెట్ ఏరియా చెప్పినవారికి గోడలతో కలిపి కొలిచి ఇల్లు కట్టిచ్చినట్టయింది. ఒకే పేజీని రెండుసార్లు రాయలేక విసిగిన డెవలపర్లు 1998లో వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ పేరుతో కూడి, రెండు కంపెనీలనూ ఒకే ప్రమాణానికి కట్టుబడమని అడిగారు.

ఈలోగా పోటీయే అడుగంటింది. ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001 ఆగస్టులో, 7 వచ్చింది 2006 అక్టోబరులో. నడుమ ఐదేళ్లు! ఎక్స్‌ప్లోరర్ గుత్తాధిపత్యం ఏమిటో తెలుగు పాఠకుడు కళ్లారా చూశాడు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ ఆ రోజుల్లో చాలా తెలుగు పత్రికల సైట్లు ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో తెలుగు ఆకారాలు పెట్టాయి, ఒక్కో పత్రికా ఒక్కో సొంత ఫాంటు తయారుచేసుకుంది. ఆ ఫాంటును దానంతటదే దించుకునే మైక్రోసాఫ్ట్ పద్ధతి ఇతర బ్రౌజర్లకు అర్థమయ్యేది కాదు. అక్కడ వార్త బదులు అర్థంలేని రోమన్ అక్షరాలు కనబడేవి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటుంది: ఆ పాఠం వెతికితే దొరకదు, వేరేచోటికి తెచ్చి అతికితే తెలుగుగా మిగలదు. ఫైర్‌ఫాక్స్‌లో చదవడానికి ఆ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే పొడిగింపును ప్రత్యేకంగా రాయాల్సివచ్చింది. నిజానికి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ ఫాంటునిచ్చిందీ మైక్రోసాఫ్టే, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. అయితే ఒక్క బ్రౌజర్‌లో కనబడితే చాలనుకున్నవారికి మారాల్సిన అవసరం కనిపించలేదు. ఫాంట్లు పంపే ఉమ్మడి పద్ధతి వాఫ్ 2012 డిసెంబరుకు గానీ అధికారిక ప్రమాణం కాలేదు.

కొత్త ఊహలు కమిటీల్లో పుట్టవు, కంపెనీల్లోనే పుడతాయని ఒక అభ్యంతరం ఉంది. నిజమే. పేజీని మళ్లీ తెరవకుండానే సర్వర్ నుంచి సమాచారం తెచ్చే ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ 1999లో ఎక్స్‌ప్లోరర్ 5లోనే వచ్చింది. అయితే ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా దాన్ని తన ఇంజిన్‌లో సొంతంగా కట్టాకే అది అందరి ఆస్తి కావడం మొదలైంది. 2004 నాటి జీమెయిల్ లాంటివి దానిమీదే నిలిచాయి. 2006లో కన్సార్షియం దాన్ని ప్రమాణంగా రాయడం మొదలుపెట్టింది. ఊహ ఒకరిదే కావచ్చు, దానికి భాష కుదిరేది రెండోవాడు కట్టబోయి ప్రశ్నలు అడిగినప్పుడే. అదే వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ 2005లో యాసిడ్2 అనే పరీక్ష పెట్టింది. ప్రమాణం ప్రకారం గీస్తే తెరమీద నవ్వుముఖం రావాలి. మొదట గెలిచింది సఫారీ. మైక్రోసాఫ్ట్ కూడా 2009లో ఎక్స్‌ప్లోరర్ 8తో ఆ ముఖాన్ని గీసి చూపింది.

ఇప్పటి అభ్యంతరం ఇంకా బలమైనది: క్రోమ్ అడుగునున్న క్రోమియం కోడ్ అందరికీ తెరిచే ఉంది కదా, అందరూ దాన్నే వాడుకుంటే డెవలపర్ల శ్రమ తప్పదా? తప్పుతుంది. ఒపెరా 2013లో తన ఇంజిన్ వదిలి అటే వెళ్లింది, 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ వారి ఎడ్జ్ బ్రౌజర్ కూడా. కానీ ఒపెరా కథలో డెవలపర్ల వాటా ఉంది. చాలామంది ఆపిల్, గూగుల్‌ల వెబ్‌కిట్ పేరుతో మొదలయ్యే ప్రయోగాత్మక ఆదేశాలే రాయడంతో, పేజీలు చెదిరిపోకుండా 2012లో ఒపెరా వాటిలో కొన్నిటిని తన బ్రౌజర్‌లోనూ గుర్తించాల్సివచ్చింది. కోడ్ తెరిచి ఉండటం వేరు, ఏది ఒప్పు అనే నిర్ణయం పదిమంది చేతిలో ఉండటం వేరు. పైగా వెబ్ ఎస్‌క్యూఎల్‌ను ఆపిన ఎస్‌క్యూలైట్ కూడా తెరిచిన కోడే.

ప్రధానంగా మిగిలిన ఇంజిన్లు మూడే: గూగుల్ బ్లింక్, ఆపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో. బ్లింక్ పుట్టిందే 2013లో వెబ్‌కిట్ నుంచి చీలి. మొజిల్లా 2012లో మొదలుపెట్టి 2020లో వదిలేసిన సర్వో అనే ఇంజిన్‌ను లైనక్స్ ఫౌండేషన్ చేరదీసింది. 2023 నుంచి దాని పని మళ్లీ ఊపందుకుంది. కడుతున్నవారి ముందు ప్రమాణాల రాత ఉంది, మిగతా ఇంజిన్లవాళ్లతో కలిసి పోగుచేసిన ఉమ్మడి పరీక్షలున్నాయి. ఆ పరీక్షల్లో ఎన్ని నెగ్గిందో సర్వో అందరికీ కనబడేలా పెడుతోంది.