తప్పు దొర్లనివ్వని ఎంజైము

ప్రోటీను తయారీ అనగానే పరీక్షల్లో మనం రాసేది రైబోసోము గురించే. మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. తెచ్చిన కబురును చదివి, ఎమైనో ఆమ్లాలను గొలుసుగా కూర్చేది అదేనని రాసి మార్కులు తెచ్చుకుంటాం. కాని ఏ సంకేతానికి ఏ ఆమ్లమో ఖాయం చేసేది రైబోసోము కాదు. ఆ పెత్తనం ఎమైనో ఎసైల్ టి-ఆర్.ఎన్.ఏ. సింథటేజ్ అనే ఎంజైముది. సాధారణంగా ఒక్కొక్క ఆమ్లానికి ఒక్కొక్కటి చొప్పున ఈ ఎంజైములు ఉంటాయి.

టి-ఆర్.ఎన్.ఏ.ను ఒక బండి అనుకుందాం. ఎ.టి.పి. శక్తిని ఖర్చుపెట్టి దానిమీద తగిన ఆమ్లాన్ని ఎక్కించటం ఈ ఎంజైము పని. రైబోసోము బండి నెంబరు, అంటే ఏంటీకోడాన్ చూసి సరుకు దింపుకుంటుందే గాని సరుకును పరీక్షించదు. 1962లో ఛాపెవిల్, లిప్‌మన్ తదితరులు దీన్ని రుజువు చేశారు. బండెక్కిన సిస్టీన్‌లోని గంధకాన్ని నికెల్ సాయంతో తీసేసి ఎలనీన్‌గా మార్చారు. సిస్టీన్ ఉండాల్సిన చోట రైబోసోము నిక్షేపంగా ఎలనీన్‌ను పెట్టేసింది!

మరి ఎక్కించే చోటే పొరపాటు జరిగితే? ఐసోల్యూసిన్, వాలీన్ అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా ఒక కర్బన, రెండు ఉదజని పరమాణువులే. అతుక్కునే బలాన్ని, కణంలో వాలీన్ ఎక్కువగా ఉండటాన్ని బట్టి లెక్కిస్తే సుమారు 40 సార్లకు ఒక తప్పు పడాలి. నిజంగా పడేది 3000 సార్లకు ఒకటి.

ఈ కిటుకును 1970 దశకంలో ఫెర్ష్ట్ రెండు జల్లెడలతో పోల్చి చెప్పాడు. కళ్లంలో కందులు బాగుచేయటం చూసినవాళ్లకు ఇది ఇట్టే తెలుస్తుంది. పెద్దకన్నాల జల్లెడలో మట్టిబెడ్డలు పైన ఆగిపోయి కందులు కిందికి దిగుతాయి. సన్నజల్లెడలో ఇసుక రాలిపోయి కందులు పైన నిలుస్తాయి. ఎంజైములోనూ అంతే. మొదటి గూటిలో ఐసోల్యూసిన్‌కన్నా పెద్దవి పట్టవు. రెండో గూడు ఇంకా చిన్నది. అందులో వాలీన్ మాత్రమే పడుతుంది, పడగానే తెగిపోతుంది.

ఇంత కాపలా దేనికంటారా? ఎలనీన్ ఎంజైములో ఈ దిద్దుబాటు శక్తి కాస్త తగ్గిన ఎలుకలలో చిన్నమెదడు కణాలు చచ్చిపోయి నడక తూలిందని 2006లో తేలింది. సూక్ష్మజీవులకూ ఈ ఎంజైమే ఆయువుపట్టు. చర్మపు పుండ్లకు పూసే మ్యుపిరోసిన్ మందు వాటి ఐసోల్యూసిన్ ఎంజైమును బిగించేస్తుంది, మనదాని జోలికి అంతగా రాదు.

హైదరాబాదు సి.సి.ఎం.బి.లో రాజన్ శంకరనారాయణన్ ఈ దిద్దుబాట్ల మీద చేసిన కృషికి 2020లో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది. డిగ్రీ అయ్యాక ఏం చెయ్యాలా అని ఆలోచించే మిత్రులు అటువైపు ఒకసారి చూడవచ్చు.