ఊసరవెల్లి – దాని ఆహార విధానము

“తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్లు” అనే సామెత వినని తెలుగువారుండరు. ఉర్దూలోనైతే ఈ రెండింటినీ ‘గిర్గిట్’ అనే ఒకే మాటతో పిలవడం కద్దు. కాని జంతుశాస్త్ర దృష్టిలో తొండ ఎంత ముదిరినా ఊసరవెల్లి కాజాలదు. రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందిన ప్రాణులు. ఇటువంటి అపోహే ఊసరవెల్లి ఆహార విషయంలోనూ పూర్వం ఉండేది. క్రీస్తు శకం మొదటి శతాబ్దానికి చెందిన రోమను రచయిత ప్లినీ, ఈ జీవి గాలి మాత్రమే మేసి బ్రతుకుతుందని వ్రాశాడు. నేడు ఆ మాట ఎవరూ నమ్మరు. అయినను, ఏదో ఒక పురుగును వేసి కడుపు నింపితే చాలునను అభిప్రాయం మాత్రం పెంపకందారులలో ఇంకను కనిపిస్తూనే ఉన్నది. కడుపు నిండుట వేరు, పోషణ వేరు అన్న సత్యాన్ని ఈ చిన్న ప్రాణి ద్వారా విశదపరచడమే మా ఉద్దేశం.

ఏ ఊసరవెల్లిని గూర్చి?

మన అడవులలోను, చేల గట్లపైని పొదలలోను కనిపించే ఊసరవెల్లిని పట్టుకొనుట, పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కావున మేము ప్రస్తావించునది దానిని కాదు. పాశ్చాత్య దేశాలలో ఎక్కువగా పెంచబడుతున్నది యెమెన్ ఊసరవెల్లి. దీని స్వస్థలం యెమెన్, నైరుతి సౌదీ అరేబియా ప్రాంతాలు. తలపై శిరస్త్రాణం వంటి ఎత్తైన కిరీటం దీని గుర్తు. యెమెన్ పేరు హైదరాబాదు వారికి కొత్త కాదు. బార్కాస్‌లో స్థిరపడిన అనేక కుటుంబాల పూర్వీకులు ఆ దేశపు హద్రమౌత్ సీమ నుండి వచ్చినవారే.

ప్రకృతి ఒడిలో దీని భోజనం ఒకే రకం కాదు. ఈగలు, తేనెటీగలు, మిడతలు, గొంగళి పురుగులు – ఏ పొదపై ఏది వాలితే అదే దానికి ఆహారం. కంటితో గురి చూసి, తన దేహం కంటె పొడవైన నాలుకను రెప్పపాటులో విసిరి పట్టుకొంటుంది. యెమెన్ జాతి అప్పుడప్పుడు ఆకులను, పూలను కూడా తింటుంది. పంజరంలో ఈ వైవిధ్యమంతయు తొలగిపోయి, అంగడిలో దొరికే ఒకటి రెండు రకాల పురుగులే మిగులుతాయి. చిక్కంతా ఇక్కడనే మొదలవుతుంది.

కాల్షియం సమస్య

పెంపకందారులు సామాన్యంగా వేసేది కీచురాయి. ఇందులో మాంసకృత్తులకు కొరత లేదు. కాని ఒక పాలు కాల్షియం ఉంటే దాదాపు ఏడు పాళ్ళు భాస్వరం ఉంటుంది. ఊసరవెల్లికి కావలసినది ఇందుకు విరుద్ధం. భాస్వరానికి సమంగానైనా, అంతకు రెట్టింపుగానైనా కాల్షియం అందాలి. అది ఆహారంలో లభించనప్పుడు శరీరం ఊరకుండదు. రక్తంలో కాల్షియం తగ్గకుండా నిలుపుటకై ఎముకలలోని నిల్వను తోడుకొంటుంది. క్రమంగా దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకరపోతాయి. కండరాల సంకోచానికి సైతం కాల్షియం అవసరం కనుక నాలుక విసరు పట్టు కూడ సడలుతుంది. వేటకు సాధనమైన నాలుకయే చెడిన ప్రాణి, ఎదుట ఆహారం ఉండగనే ఆకలితో కృశిస్తుంది. ఇంతకంటె దైన్యం ఏమున్నది?

పురుగుకు పెట్టినదే ఊసరవెల్లికి

దీనికి మొదటి ఉపాయం మిక్కిలి సులభం. పురుగులను వేయుటకు ఒకటి రెండు రోజుల ముందు వాటికి మంచి మేత పెట్టాలి. మునగాకు, మెంతికూర, క్యారెట్, చిలగడదుంప వంటివి తిన్న కీచురాయి ఆ సారాన్ని తన కడుపులో మోసుకొని పోయి ఊసరవెల్లికి అందిస్తుంది. పాలకూర మంచిదే కదా అనిపించవచ్చు. కాని అందులోని ఆక్సలేటులు కాల్షియాన్ని బంధించి, శరీరానికి అందకుండా చేస్తాయి. కావున దానిపై ఆధారపడరాదు.

రెండవది, భాస్వరం లేని కాల్షియం పొడిని పురుగులపై పలుచగా చల్లడం. మూడవది కాంతి. కాల్షియం ప్రేగులనుండి రక్తంలోకి చేరుటకు విటమిన్ డి3 కావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాల సాయంతో ఊసరవెల్లి దానిని తన చర్మంలో తయారు చేసికొంటుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపివేస్తుంది. అందువల్ల గదిలో పెంచేవారు ప్రత్యేక దీపాలను అమర్చుతారు. విటమిన్లను మందుగా మితిమీరి ఇచ్చుట కూడా హానికరమే.

వైవిధ్యం ఎందుకు?

ఏ ఒక్క పురుగులోను సర్వ పోషకాలు లేవు. పట్టుపురుగు బరువులో 80 శాతానికి పైగా నీరే, కొవ్వు స్వల్పం. తేనెపట్టులను తొలిచే మైనపు పురుగు బరువులో దాదాపు నాలుగవ వంతు కొవ్వు. దానిని మిఠాయివలె ఎప్పుడో ఒకసారి మాత్రమే ఇవ్వాలి. ‘బ్లాక్ సోల్జర్ ఫ్లై’ అనే ఈగ పిల్లపురుగులలో మాత్రం భాస్వరం కంటె కాల్షియమే హెచ్చు. వీటితోపాటు మిడతలు, పెంపుడు బొద్దింకలు మార్చి మార్చి వేస్తే ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తుంది. పంజరంలో ఒక మందార మొక్కను ఉంచితే నీడకు నీడ, నమలుటకు ఆకు.

పాటించవలసిన జాగ్రత్తలు

1. ఊసరవెల్లి రెండు కళ్ళ నడిమి దూరం కంటె వెడల్పైన పురుగును వేయరాదు.

2. పిల్లలకు ప్రతిదినం ఆహారం అవసరం. పెద్దవాటికి దినం విడిచి దినం, కొద్ది పురుగులు చాలు. అతిగా మేపిన ఆడ ఊసరవెల్లి అధిక సంఖ్యలో గుడ్లను మోసి, వాటిని పెట్టలేక ప్రాణాపాయానికి లోనుకావచ్చు.

3. మిణుగురులను ఎన్నడూ వేయరాదు. వాటిలో కొన్ని జాతుల విషం ఒక్క పురుగుతోనే బల్లి జాతి ప్రాణులను చంపగలదు. మందు చల్లిన చేలనుండి పట్టిన పురుగులు కూడా విషతుల్యమే.

4. తినక మిగిలిన కీచురాళ్ళను రాత్రి పంజరంలో విడువరాదు. అవి నిద్రించే ఊసరవెల్లిని కొరుకుతాయి.

5. గిన్నెలోని నిలువ నీటిని ఇది సామాన్యంగా గుర్తించదు. ఆకులపై మంచు బిందువులవలె నీరు చిలకరించాలి.

ముగింపు

విదేశీ ప్రాణులను ఉంచుకొనుటకు కూడ మన దేశంలో నియమాలున్నవి. యెమెన్ ఊసరవెల్లి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ పట్టికలో చేరిన జీవి. 2022లో సవరించిన చట్టం ప్రకారం అట్టి ప్రాణులను అధికారుల వద్ద నమోదు చేయించవలసి ఉంటుంది. అయినను ఈ విజ్ఞానం పెంపకందారులకే పరిమితమని మేము తలచడం లేదు. ఇన్ని రకాల పురుగులను, ఎండను, మంచును, పూలను ఒక పంజరంలో సమకూర్చుటకు మనిషి ఎంత శ్రమించవలసి వచ్చునో చూచితిమి. ఈ సర్వాన్నీ మన ఊరి పొద ఒకటి, ఏ ఖర్చు లేకుండ, మన ఊసరవెల్లికి సమకూర్చుతున్నది. ఆ పొదను నరకక, దానిపై విషం చల్లక, కనబడిన ఊసరవెల్లిపై రాయి విసరక విడిచిపెట్టుటే విద్యార్థులమైన మనం ఆ ప్రాణికి పెట్టగల ఉత్తమ ఆహారం.