మెట్టసీమ – మెతుకు

నెల్లూరు అనగానే తెలుగువారికి స్ఫురించేది సన్నబియ్యం. ‘నెల్లు’ అంటే వడ్లు గనుక ఊరికి ఆ పేరు వచ్చినదని కొందరు, ‘నెల్లి’ అంటే ఉసిరిక గనుక వచ్చినదని మరికొందరు వాదిస్తారు. వాదం ఏమైనా, మొలగొలుకుల బియ్యం ఆ జిల్లాకు తెచ్చిన కీర్తి సామాన్యమైనది కాదు. అయితే ఆ కీర్తి మాగాణిది. పెన్నమీద సంగం ఆనకట్టకు దిగువన కాలువల కింద వరిచేలు. ఎగువన, వెలిగొండల వరకు పరుచుకొన్న ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలలో వానను నమ్ముకొన్న మెట్ట. సోమశిల జలాశయం వచ్చిన పిదప ఆత్మకూరు వైపు కొన్ని ఊళ్ళకు నీరందినది. ఉదయగిరి మెట్టలో చాలా ఊళ్ళకు మాత్రం నేటికీ వాన, బోరుబావే ముఖ్యమైన దిక్కు. ఇక్కడ చెప్పదలచినది ఆ మెట్ట కథ.

ఆ నేలలో జొన్న, సజ్జ, రాగి, కొర్ర, వరిగ ఆహారధాన్యాలు. జొన్న సాళ్ళ మధ్య కంది వేసేవారు. గింజ మనిషికి, చొప్ప పశువుకు, పశువు ఎరువు తిరిగి చేనికి. కంది వేళ్ళు నేలకు సారం. ఒక పైరు ఎండితే మరొకటి నిలిచేది. మరుసటి ఏటి విత్తనం ఇంటిలోనే ఉండేది. దానిని ఏరి, బూడిద కలిపి దాచే నేర్పు ఇల్లాలిది. సంగటి, రొట్టె, అంబలి ఆ చేనికీ కంచానికీ నడుమ బాంధవ్యం.

ఆ రోజులన్నీ స్వర్ణయుగమని పొగడడం సత్యం కాదు. 1876–78 నాటి మహాక్షామంలో నెల్లూరు సీమ ఎంతో బాధపడినది. బకింగ్‌హాం కాలువలో కొంతభాగం ఆ కరవుకూలీలు త్రవ్వినదే. మామూలు సంవత్సరాలలో సైతం వరి అన్నం పేదయింట పండుగనాటి మాట. పైగా జొన్నలు విసరడం, కొర్రలు దంచడం స్త్రీల రెక్కలు విరిచే చాకిరి.

అందువలన 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినప్పుడు మెట్టపల్లెలు దానిని వరంగానే స్వీకరించాయి. ఆకలి తగ్గినది, రోకలి పట్టిన చేతికి విశ్రాంతి దొరికినది. మర్యాద కూడా పెరిగినదని అనుకొన్నారు. జొన్నకూటిని చిన్నచూపు చూడడం మనకు కొత్త కాదు. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేయడం విద్యార్థులు ఎరిగినదే. తెల్ల అన్నం ఎక్కువతనానికి గుర్తు అయిన సమాజంలో సంగటి తనంతట తానే వెనుకకు తగ్గినది.

కంచం మారితే చేను మారకుండునా? తినేవారు తగ్గిన పైరుకు అంగడి తగ్గినది. ఆ ఖాళీలోకి రొక్కం తెచ్చే పంటలు వచ్చాయి. వాటిలో వర్జీనియా పొగాకు ముఖ్యం. కలిగిరిలోను, మర్రిపాడు మండలం డి.సి.పల్లిలోను పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఉన్నాయి. పొగాకు రైతుకు రొక్కం చూపినది. పిల్లల చదువులకు అక్కరకు వచ్చినది. కాని ఆకును బ్యారన్‌లో కాల్చడానికి కట్టెలు కావాలి, కూలీలు కావాలి, అన్నిటికీ ముందు అప్పు కావాలి. ధర పడిననాడు జొన్నను వండుకొని తినవచ్చు. పొగాకును ఏమి చేసుకొనగలడు? 2015లో ధర కుంగినప్పుడు పొరుగున ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. ఆహారం పండించే రైతు ఆహారం కొనుక్కొనేవాడైతే, ఒక్క పంటలోనే రెండు అంగళ్ళకు లోబడినట్లు: అమ్ముకొనే అంగడి ఒకటి, కొనుక్కొనే అంగడి మరొకటి.

నష్టం అంతటితో ఆగలేదు. చొప్ప లేనిచోట పశువు నిలువలేదు. పశువు లేనిచోట ఎరువు కొనవలసి వచ్చినది. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండగా, తెల్లబియ్యంలో అది 10 ప్రాంతం మాత్రమే. పెరిగే పిల్లల ఎముకలకు ఈ తేడా చిన్నది కాదు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా జరిపినది. అదే సంవత్సరం మార్చిలో మన రాష్ట్ర పాఠశాలలలో మధ్యాహ్న భోజన పథకంలోకి రాగిజావ వచ్చినది. అవ్వ పోసిన అంబలిని కాదన్న పల్లెకు, అదే అంబలి ప్రభుత్వ పథకమై తిరిగివచ్చినది!

మెట్టకు కావలసినది వెనుకటి దారిద్ర్యం కాదు. తన పంటకు విలువ. 2013 నాటి ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతకధాన్యాలకూ చోటున్నది. మెట్టలో పండిన రాగిని, జొన్నను గిట్టుబాటు ధరకు కొని ఆ పల్లెల చౌకదుకాణాలకు, బడులకు పంపితే చేనికీ కంచానికీ తెగిన బంధం తిరిగి కుదురుతుంది. దంచే కష్టానికి నేడు మరలు ఉన్నాయి. మరలు తెచ్చి ఇవ్వలేనిది విత్తన జ్ఞానం ఒక్కటే. ఏ వానకు ఏ గింజ వేయవలెనో, దేనిని దేనితో కలుపవలెనో తెలిసిన వృద్ధులు ఇంకా మన మధ్య ఉన్నారు. మెట్ట బడులలోని ఉపాధ్యాయులు పిల్లల చేత ఆ మాటలు వ్రాయించి ఉంచడం ఈ సంవత్సరమే చేయదగిన పని. ఆలస్యమైతే అడగడానికి ఆ వృద్ధులు ఉండరు.