సరౌండ్‌ ప్రాసెసర్‌ మార్పు: అవసరమా, ఆరాటమా?

32 అంగుళాలకు మించిన టెలివిజన్‌ సెట్లపై వస్తు, సేవల పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గిస్తూ తీసుకున్న నిర్ణయం 2025 సెప్టెంబరు 22న అమలులోకి వచ్చింది. దసరా, దీపావళి పండుగల ముంగిట లభించిన ఈ ఊరటతో పెద్ద తెర మధ్యతరగతి ఇంటికి మరింత చేరువైంది. అయితే కొత్త టీవీ గోడకెక్కిన మరునాడే మరో ప్రశ్న తలెత్తుతున్నది. పది, పదిహేనేళ్ల కిందట కొనుక్కున్న హోమ్‌ థియేటర్‌ మాటేమిటి? టీవీ ఫోర్‌-కే దృశ్యాలను చూపుతున్నది. ఓటీటీ సినిమాలపై ‘డాల్బీ అట్మాస్‌’ ముద్ర కనిపిస్తున్నది. పాత రిసీవర్‌కు ఈ రెండూ తెలియవు. దానిని మార్చడమంటే మరో టీవీ కొన్నంత పని. ఆ ఖర్చు నిజంగా అవసరమా అన్నదే ఇప్పుడు అనేక కుటుంబాల ముందున్న మీమాంస.

ఈ పెట్టె చేసే పనులు రెండు. సినిమాలో ఇమిడి ఉన్న శబ్ద సంకేతాలను విప్పి ఏ ధ్వని ఏ స్పీకరుకు వెళ్లాలో నిర్ణయించడం మొదటిది. ఇది ప్రాసెసర్‌ పని. ఆ ధ్వనికి స్పీకర్లను మోగించేంత బలాన్నివ్వడం రెండవది. ఇది యాంప్లిఫయర్‌ పని. చాలా ఇళ్లలో ఈ రెండూ రిసీవర్‌ అనే ఒకే పెట్టెలో ఉంటాయి. మొదటి పనికి కావలసిన పరిజ్ఞానం కొద్ది సంవత్సరాలకోసారి మారిపోతున్నది. రెండవ పని మాత్రం దశాబ్దాలుగా దాదాపు అలాగే ఉన్నది. నిర్ణయానికి కీలకం ఈ తేడాలోనే ఉన్నది.

మారుతున్న ప్రమాణాలు

రెండు ట్రాకుల శబ్దం నుంచి మధ్య, వెనుక స్పీకర్ల ధ్వనిని వేరుచేసే డాల్బీ ప్రో లాజిక్‌ 1987లో ఇళ్లకు వచ్చింది. 1992లో ‘బ్యాట్‌మన్‌ రిటర్న్స్‌’తో డాల్బీ డిజిటల్‌, 1993లో ‘జురాసిక్‌ పార్క్‌’తో డీటీఎస్‌ థియేటర్లలో అడుగుపెట్టాయి. డీవీడీల పుణ్యమా అని ఆ దశాబ్దం ముగిసేలోగానే అవి ఇళ్లకూ చేరాయి. 2006లో వచ్చిన బ్లూ-రే డిస్కు అసలు శబ్దంలో ఏదీ కోల్పోని పద్ధతులను తెచ్చింది. 2012లో వచ్చిన అట్మాస్‌ తలపై నుంచి కూడా ధ్వనిని వినిపించింది. ఆ ఏడాది డిసెంబరులో విడుదలైన రజనీకాంత్‌ ‘శివాజీ’ త్రీడీ రూపం అట్మాస్‌లో వచ్చిన తొలి భారతీయ చిత్రం. 2014 నుంచి అట్మాస్‌ ఇళ్లకు కూడా అందుబాటులోకి వచ్చింది.

మరోవైపు టీవీకి, రిసీవర్‌కు మధ్య తీగ కూడా మారుతూ వచ్చింది. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 టీవీ నుంచి శబ్దాన్ని అదే తీగ ద్వారా వెనక్కి పంపే ‘ఆర్క్‌’ సదుపాయం కల్పించింది. 2013 నాటి 2.0 ఫోర్‌-కే దృశ్యాలను సెకనుకు 60 ఫ్రేముల వేగంతో మోసింది. 2017 నాటి 2.1 ‘ఇ-ఆర్క్‌’ను తెచ్చింది. చాలా సందర్భాలలో పెట్టెకు వార్ధక్యం వచ్చేది లోపలి యాంప్లిఫయర్‌ వల్ల కాదు, వెనుకనున్న ఈ సాకెట్ల వల్లనే.

పాతది పనికిరాదా?

సాకెట్ల చిక్కుకు ఖర్చులేని ఉపాయాలు ఉన్నాయి. దృశ్యం కోసం పరికరాలన్నింటినీ నేరుగా టీవీకే తగిలించి, శబ్దాన్ని మాత్రమే ఆర్క్‌ లేదా ఆప్టికల్‌ తీగ ద్వారా రిసీవర్‌కు మళ్లించవచ్చు. ఓటీటీ సంస్థలు పంపే శబ్దాన్ని అనేక టీవీలు పాత రిసీవర్లు అర్థం చేసుకోగల 5.1 డాల్బీ డిజిటల్‌గా మార్చి అందిస్తాయి. దీనివల్ల పోయేది పైకప్పు ధ్వని మాత్రమే. సంభాషణ గాని, సంగీతం గాని పోదు. పైనుంచి వినిపించవలసిన ధ్వనులు కింది స్పీకర్లలోనే కలిసిపోతాయి. బ్లూ-రే విషయంలోనూ ప్లేయరే సంకేతాలను విప్పి హెచ్‌డీఎంఐ శబ్దాన్ని స్వీకరించే పాత రిసీవర్‌కు అందించగలదు.

మరో విషయాన్నీ విస్మరించరాదు. ఓటీటీలో వచ్చే అట్మాస్‌ బ్లూ-రే అట్మాస్‌తో సమానం కాదు. ఓటీటీది కుదించిన శబ్దం. ఇంట్లో డిస్కులు లేవనుకుంటే, ఖరీదైన ప్రాసెసర్‌ సామర్థ్యంలో కొంత భాగం వృథాయే.

కరపత్రాలలోని వాట్ల లెక్కనూ జాగ్రత్తగా చూడాలి. 80 వాట్ల నుంచి 100 వాట్లకు మారితే పెరిగేది ఒక్క డెసిబెల్‌ మాత్రమే. అది చెవికి తెలిసీ తెలియనంత. ధ్వని రెట్టింపు పెద్దదిగా వినిపించాలంటే సుమారు పదిరెట్ల శక్తి కావాలి.

అసలు లోపం గదిదే

నున్నని టైల్స్‌ నేల, బోడి గోడలు, అద్దాల కిటికీలు నేటి హాలు ఆనవాళ్లు. శబ్దం వాటికి తగిలి తిరిగి వస్తుంటుంది. సంభాషణలు స్పష్టంగా వినిపించకపోవడానికి తరచు ఇదే కారణం. నిందను మాత్రం ప్రాసెసర్‌ మోస్తున్నది. మందపాటి తెరలు, ఒక తివాచీ, నిండుగా సర్దిన పుస్తకాల అలమరా, చెవి ఎత్తుకు జరిపిన మధ్య స్పీకరు ఇచ్చే ప్రయోజనం కొన్నిసార్లు కొత్త పెట్టె ఇవ్వలేదు. కొత్త ప్రాసెసర్లు మైకు సాయంతో గదిని కొలిచి స్పీకర్ల దూరం, స్థాయి, బేస్‌ సర్దుబాటు చేస్తాయి. ఇది వాటికున్న నిజమైన ఆధిక్యం. అయినా ప్రతిధ్వనిని అవి పూర్తిగా తుడిచిపెట్టలేవు. ఇక అట్మాస్‌ను పూర్తిగా ఆస్వాదించడానికి పైకప్పు స్పీకర్లు ఉంటే మేలు. అద్దె ఇంటి స్లాబుకు రంధ్రాలు చేయడానికి యజమాని ఒప్పుకోవాలి. వెనుక రెండు స్పీకర్లకే చోటు దొరకని గదిలో తొమ్మిది చానళ్ల పెట్టె అలంకారమే.

ఎప్పుడు మార్చాలి?

పైకప్పు స్పీకర్లు అమర్చుకోవడానికి చోటు, సొమ్ము సిద్ధంగా ఉన్నప్పుడు. శబ్దం మధ్యలో తెగిపోవడం, గుయ్యిమనే రొద వంటి లోపాలు మరమ్మతుకు లొంగనప్పుడు. టీవీలో ఒకే ఇ-ఆర్క్‌ సాకెట్‌ ఉండి, అధిక వేగపు ఆటల పరికరాలను రిసీవర్‌ గుండానే నడపవలసి వచ్చినప్పుడు మార్పు సబబే. అప్పుడు సైతం పాత రిసీవర్‌కు బహుళ చానళ్ల ఇన్‌పుట్లు ఉంటే, ప్రీ-అవుట్లున్న కొత్త ప్రాసెసర్‌కు దానినే యాంప్లిఫయర్‌గా వాడుకోవచ్చు. వేడి వీటికి ప్రధాన శత్రువు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి కెపాసిటర్ల ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మూసిన అలమరాలో కాక గాలి ఆడేచోట ఉంచడం శ్రేయస్కరం.

పరిశ్రమ పరిస్థితినీ గమనించాలి. జపాన్‌కు చెందిన ఆంక్యో హోమ్‌ ఎంటర్‌టైన్‌మెంట్‌ 2022 మేలో దివాలా ప్రకటించింది. డెనాన్‌, మరాంజ్‌ బ్రాండ్లు గల సౌండ్‌ యునైటెడ్‌ను శాంసంగ్‌ అనుబంధ సంస్థ హర్మాన్‌ 35 కోట్ల డాలర్లకు కొనుగోలు చేస్తున్నట్లు 2025 మేలో వెల్లడైంది. యాజమాన్యాలు చేతులు మారే ఇటువంటి రంగంలో ధర కన్నా విడిభాగాలు, ఊళ్లోని సర్వీసు కేంద్రం, భారతదేశంలో చెల్లే గ్యారంటీ ముఖ్యం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ‘మరమ్మతు హక్కు’ పోర్టల్‌ను ప్రారంభించింది. 2023 ఏప్రిల్‌ 1 నుంచి అమలులో ఉన్న ఇ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాల రీసైక్లింగ్‌ బాధ్యతను ఉత్పత్తిదారులపై మోపాయి. పాతదానిని చెత్తలో పడవేయడానికి గాని, గుర్తింపు లేని పాత సామాన్ల వ్యాపారికి అప్పగించడానికి గాని ముందు ఈ దారులను చూడాలి.

దుకాణానికి వెళ్లే ముందు చేయదగిన పరీక్ష ఒకటున్నది. బాగా తెలిసిన సినిమాలోని ఒక సన్నివేశాన్ని ఇప్పుడున్నట్లుగానే వినాలి. తెరలు దించి, తివాచీ పరచి, స్పీకర్లు సర్ది మరోసారి వినాలి. మాట స్పష్టపడితే డబ్బు మిగిలినట్లే. అలా తేల్చుకోకుండా కొంటే మిగిలేది కొత్త పెట్టె, పాత ప్రతిధ్వని.